మైనస్ రెండు వేలు

కోడింగును మల్లెదండలా మూరలేసి కొలవొచ్చని 1982లో ఆపిల్ వారి ‘లీసా’ కంప్యూటర్ మేనేజర్లకు తోచింది. ఎవరెన్ని లైన్లు రాశారో వారం వారం ఫారం నింపమన్నారు. అక్కడి ప్రోగ్రామర్ బిల్ అట్కిన్సన్ అప్పుడే బొమ్మలు గీసే ప్రోగ్రాములో ఓ భాగం తిరగరాసి, వేగం దాదాపు ఆరు రెట్లు పెంచి, 2000 లైన్లు పీకిపారేశాడు. ఫారంలో బుద్ధిగా ‘-2000’ అని వేశాడు. ఈ లెక్కన జీతం మనమివ్వాలా, అతనే ఎదురు కట్టాలా అన్నది తేలలేదు కాబోలు, కొన్ని వారాలకే అతన్ని ఫారం అడగడం మానేశారు.

ఇప్పుడు మన మాదాపూర్ ఐటీ మేనేజర్లు తెలివిమీరారు. లైన్లు కాదట, పని బరువును అంచనా వేసే స్టోరీ పాయింట్లట! నిరుడు 3 పాయింట్లున్న పని ఈ ఏడు 8 పలుకుతోంది. పని మాత్రం అదే, బంగారమా ఏమన్నా పెరగడానికి?