ఫిట్టరు మావ కొలత

న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరు గేటు కిర్రుమంటే చాలు, ఇంట్లో ఫ్యాన్ ఆపేస్తాం. తిరుగుతున్న ఫ్యాన్ కంటపడితే ఫిట్టరు మావ ఆగలేడు. "బేరింగు ఏడుస్తోందిరా, ఇనబడ్డం లేదేటి?" అంటూ స్టూలు తెమ్మంటాడు. ఆయన స్టూలు దిగేసరికి బేరింగు రోగం తగ్గుతుంది, రెక్కలకు వణుకు మొదలవుతుంది. అందుకే ఆ కిర్రు వినగానే మిక్సీ అటకెక్కుతుంది, కుట్టుమిషను దుప్పటి కప్పుకుంటుంది.

ఖరగ్‌పూర్‌లో ఫిట్టరు మావ అంటే ఒక మనిషి కాదు, ఒక జాతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో కుదురుకున్న కుటుంబాల్లో ఈ జాతి పుట్టింది. లైనుకొకరు తప్పకుండా ఉంటారు. బనీను, గళ్ళ లుంగీ, చెవి మీద పెన్సిలు, లుంగీ మడతలో స్క్రూడ్రైవరు. బెంగాలీతో బెంగాలీలో, బిహారీతో హిందీలో మాట్లాడతారు. మిషనుతో మాత్రం తెలుగే. పింఛను నెలనెలా వస్తుంది, పనే రాదు. కాబట్టి దాన్ని వెతుక్కుంటూ గేట్లు తీస్తుంటారు.

మా మావ సర్వీసులో ఉండగా కొలత అంటే కొలతేనట. అంగుళంలో వెయ్యో వంతుని వాళ్ళు 'థౌ' అంటారు. రెండు థౌలు తేడా వస్తే బుష్షు ఎత్తి అవతల పారేసేవాడట. ఇప్పటికీ మన స్టేషను ప్లాట్‌ఫారం 1,072 మీటర్లని ఎవరైనా అంటే ఊరుకోడు. "1,072.5! ఆ అర మీటరు ఎవుడు మింగీసేడ్రా?" అంటాడు.

ఇంతటి మనిషికి నూనె దగ్గర మాత్రం కొలత లేదు. తప్పు ఆయనది కాదు, ఆవిరి ఇంజనుది. దాని కడ్డీలకూ ఇరుసులకూ పోసిన నూనె మళ్ళీ చేతికి రాదు. దారిపొడుగునా కారుతూ పోతుంది. అందుకే ప్రతి ప్రయాణానికీ మళ్ళీ పొయ్యాలి. నాలుగు చుక్కలు ఎక్కువైతే కంకర తాగుతుంది. ఆ బడిలో చదువుకున్న మావకు వేదం ఒక్కటే వాక్యం: "నూనె తగ్గితే ఇంజను చస్తాది, ఎక్కువైతే దాని కడుపు నిండుతాది."

మొన్న మాతాపూజలో ఆ వేదానికి పరీక్ష ఎదురైంది. సాయంత్రం కాలబైశాఖి గాలివాన విరుచుకుపడి కరెంటు పోయింది. అమ్మవారి పందిట్లో చీకటి, మైకులో మౌనం. కమిటీ కుర్రాళ్ళు చిన్న పెట్రోలు జనరేటరు మోసుకొచ్చారు. వానలో తడుస్తుందని మావ దాన్ని వరండాలోకి తోయించబోతే, పొగ గదుల్లోకి వస్తుందని ఆడవాళ్ళు గయ్యిమన్నారు. వాళ్ళన్నదే నయం. కళ్ళకు కనబడే పొగ కంటే, రంగూ వాసనా లేని విషవాయువు ఇంకా ప్రమాదం. చివరికి వాన తగ్గాక దూరంగా పెట్టారు, ఒక పక్క ఇటుక మీద, ఒక పక్క నేల మీద.

"ఇంజనాయిలు పోశారేట్రా?" అన్నాడు మావ.

దానికి పట్టేది 600 మిల్లీలీటర్లు. సీసాలో ఉన్నది లీటరు. మిగిలింది ఏం చేస్తారన్నది మావ ధర్మసందేహం. సమంగా ఉండుంటే నిండగానే మూతి దగ్గర పొర్లిపోయేది. ఇటుక పుణ్యమా అని మూతి ఉన్న వైపు పైకి లేచి ఉంది కాబట్టి, పోసినంతా తాగేసింది. కొలపుల్ల తీసి చూడమని ఒక కుర్రాడు గొణిగాడు. "నలభయ్యేళ్ళ సర్వీసురా, నాకు పుల్లా?" అన్నాడు మావ.

తాడు లాగారు. దీపాలు వెలిగాయి. రెండు నిమిషాలకు అమ్మవారు కనబడ్డం మానేసింది. పందిరంతా నీలంగా, తెల్లగా పొగ. సాంబ్రాణి ఎక్కువైందని ఒక ముసలమ్మ భక్తిగా దణ్ణం పెట్టుకుంది.

ఇక్కడే మావ గొప్పతనం బయటపడింది. ముక్కు ఎగబీల్చి, "ఆపండ్రా!" అన్నాడు. "నల్ల పొగయితే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇది నీలం. నూనె కాలతంది. కడవ నిండా మజ్జిగ పోసి కవ్వం తిప్పితే ఏటవుద్ది? నురగొచ్చి మూతి మీంచి పొంగుద్ది. ఇదీ అంతే. లోపల క్రాంకు నూనెని చిలికీసింది. ఆ నురగ బ్రీదరు గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్లోకి, కార్బురేటర్లోకి పోయి సిలిండర్లో మండతంది."

రోగనిర్ణయంలో ఒక్క థౌ తేడా లేదు. దోషి పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రైల్వే విచారణ నివేదికలా సాగింది: ఇటుక వంకర, సీసా పెద్దది, కుర్రాళ్ళు తొందరపెట్టారు. పోసిన చెయ్యి ప్రస్తావనే లేదు.

ఇంజను చల్లారడానికి అరగంట ఆగాలి. ఆ అరగంటా మాకు ప్లాట్‌ఫారం కథ. ప్రపంచంలోనే పొడవైనదన్న మన పేరును 2013లో గోరఖ్‌పూర్ 1,366.33 మీటర్లతో ఎలా లాక్కుందో, 2023లో హుబ్బళ్ళి 1,507 మీటర్లతో దాన్నీ ఎలా దాటిందో. "పొడుగెక్కువైతే గొప్పేటి? అవసరానికి మించి..." అని టక్కున ఆగిపోయాడు. చూపు జనరేటరు మీద పడింది. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఇటుక తీసి జనరేటరుని సమంగా నిలబెట్టాడు. డ్రెయిన్ బోల్టు వదులు చేసి ఎక్కువైన నూనెని హార్లిక్స్ సీసాలోకి పట్టాడు. కొలపుల్ల తుడిచి ముంచి, పై గీత దగ్గర ఆపాడు. ఫిల్టరు స్పాంజిని సబ్బునీళ్ళలో పిండి ఆరబెట్టాడు. స్పార్కు ప్లగ్గు విప్పి, స్విచ్చి ఆపి ఉందో లేదో చూసుకుని తాడు లాగితే, సిలిండర్లో మిగిలిన నూనె చిమ్మి ఆయన బనీను మీద వంగదేశం పటం గీసింది. ప్లగ్గు తుడిచి బిగించి, దీపాలేవీ తగిలించకుండా నడిపాడు. సైలెన్సర్లో దాక్కున్న నూనె కాలేదాకా పది నిమిషాలు పొగ వచ్చి, ఆ తర్వాత గాలి తేటపడింది. అమ్మవారు మళ్ళీ దర్శనమిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మావ హార్లిక్స్ సీసా చంకలో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

తెల్లారి లేచి చూస్తే సీసా ఖాళీ. రాత్రికి రాత్రే మా లైనులో ప్రతి గేటు మడతబందుకూ, ప్రతి సైకిలు గొలుసుకూ నూనె అందింది. కొలిచినట్టు రెండేసి చుక్కలు. ఎక్కడా ఒక్క మరక లేదు.

ఇప్పుడు మా గేటు కిర్రుమనడం లేదు. నిన్న మధ్యాహ్నం భోజనం చేస్తూ తలెత్తి చూసేసరికి, మావ స్టూలు మీద ఉన్నాడు.