కళ్లు మూసుకున్నా క్వాలిఫైయే!

ఫలితాలొచ్చిన మర్నాడే కూడలిలో ఫ్లెక్సీ లేస్తుంది. పైన చేతులు కట్టుకుని నిలువెత్తు కరస్పాండెంట్ గారు, కింద తపాలా బిళ్లంత ఫొటోల్లో పిల్లలు. కొందరి పేరు కింద ర్యాంకు ఉంటుంది. ర్యాంకు పైకి చెప్పుకునేది కాకపోతే ఒకటే మాట: "ఈఏపీసెట్ క్వాలిఫైడ్".

ఆ మాట ఖరీదెంతో చూద్దాం. ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, ఒక మార్కు. తప్పు పెడితే కోత లేదు. క్వాలిఫై కావడానికి 25 శాతం, అంటే 40 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ హద్దు కూడా లేదు. మరి ప్రశ్న చదవకుండా మౌస్ నొక్కుకుంటూ పోయేవాడికి సగటున ఎన్ని వస్తాయి? 160ని నాలుగుతో భాగించండి. అక్షరాలా నలభై!

ద్విపద విభాజనంతో లెక్క కడితే, ఆ మహానుభావుడు 40 గానీ అంతకు మించి గానీ తెచ్చుకునే సంభావ్యత సుమారు 0.53. వందమందిని రోడ్డు మీంచి పట్టుకొచ్చి కూర్చోబెడితే 53 మంది ఫ్లెక్సీకి ఎక్కుతారన్నమాట. రెండేళ్ల హాస్టలూ, తెల్లవారుజామున లేపే స్టడీ అవర్లూ, లక్షల ఫీజూ లేకుండానే. అలాగని 60 మార్కులు గుడ్డిగా కొట్టుకురాగలడా అంటే, వెయ్యిమందిలో ఒక్కడు కూడా దొరకడు. అదృష్టం నలభై దగ్గరే చతికిలబడుతుంది.

ఇక ట్రిక్కుల గురువులున్నారు. "తెలియనివన్నీ ఒకే ఆప్షన్ పెట్టెయ్, నాకు 20కి 8 వచ్చాయి" అంటాడు సీనియర్. 20 ప్రశ్నలు ఊహించి కొడితే 8 గానీ ఎక్కువ గానీ తగిలే సంభావ్యత సుమారు 0.10. అంటే నూటికి పదిమందికి ఏ ట్రిక్కూ లేకుండానే వస్తాయి. ఆ పదిమందీ వీడియో పెడతారు. మూడో నాలుగో వచ్చినవాడు మాత్రం నోరు విప్పడు. పోనీ, ఇరవైకి ఇరవై కొట్టి చూపించమనండి: దానికి అవకాశం సుమారు లక్షా పదివేల కోట్లలో ఒకటి.

అన్నిటికన్నా ముచ్చటేమిటంటే, ఈ ద్విపద విభాజనం ఇంటర్ టూ-ఏ సిలబస్‌లో ఉన్నదే. "ఎన్‌సీఆర్, పీ పవర్ ఆర్, క్యూ పవర్ ఎన్ మైనస్ ఆర్" అని పిల్లల చేత అరిపించి మరీ బట్టీ పట్టిస్తారు. మార్కులు తెచ్చిపెట్టే పాఠమని చెబుతారు కూడా. ఆ పాఠం పెట్టి ఆ ఫ్లెక్సీని ఓసారి లెక్క కట్టమని ఒక్క లెక్చరరూ అడగడు. అడిగితే మర్నాడు ఉద్యోగం ఉండొద్దూ?

అడ్మిషన్‌కి వెళ్లే తల్లిదండ్రులారా, ఒక్క ప్రశ్న అడగండి: ఎంతమంది రాస్తే ఎంతమంది క్వాలిఫై అయ్యారు? నూటికి 53 కంటే తక్కువ చెబితే చెక్కు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి రండి.