ప్లాన్ పాసైంది, పైథానే మిగిలింది

పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ పరీక్షకు మన ఇళ్లలో జరిగే మొట్టమొదటి ఏర్పాటు కంప్యూటర్‌కు తాళం వేయడం. "పరీక్షలయ్యేదాకా ల్యాప్‌టాప్ జోలికెళ్లావంటే చూడు" అంటూ నాన్నగారు పాస్‌వర్డ్ మార్చేస్తారు. వైఫై డబ్బా అమ్మ బీరువాలోకి, పట్టుచీరల మధ్యకు చేరుతుంది. ఫిజిక్స్ పరీక్ష ఉందని ఫిజిక్స్ పుస్తకం దాచేసిన ఇల్లు నేనెక్కడా చూడలేదు. ఈ ఒక్క సబ్జెక్టుకు మాత్రం చదవాల్సిన వస్తువే చదువు చెడగొట్టే వస్తువైంది.

ఇందులో బోర్డుకూ కాస్త పాలుంది. సీబీఎస్ఈ వారి 083 నంబరు సబ్జెక్టులో 70 మార్కుల పరీక్ష. మూడు గంటలూ కాగితం మీదే. ప్రోగ్రామ్ కూడా పెన్నుతోనే రాయాలి. పైథాన్‌లో ఏ వరుస ఎంత లోపలికి జరిగిందన్నదే ప్రాణం. జరిగితే లూప్ లోపల, జరక్కపోతే లూప్ బయట, లెక్క మొత్తం తారుమారు. కంప్యూటర్‌లో అయితే ఆ జరపడమేదో ఎడిటరే చూసుకుంటుంది. కాగితం మీద పిల్లలు పెన్సిల్‌తో సన్నగా నిలువు గీతలు గీసుకుంటారు. గీతలు గీసే తీరిక లేనివాళ్లు బొటనవేలు అడ్డం పెట్టి కొలుచుకుంటారు. పేజీ అడుగున లూప్ సగంలో ఆగి అవతలి పేజీకి వెళ్లిందా, ఎన్ని వేళ్ల లోతులో ఉన్నామో రాసినవాడికే గుర్తుండదు, ఇక దిద్దేవారి సంగతి సరేసరి. అందుకే "కాగితం మీద రాసేదానికి కంప్యూటరెందుకురా?" అన్న తండ్రి వాదనను బొత్తిగా తీసిపారేయలేం. ప్రాక్టికల్‌కు వేరే 30 మార్కులున్నాయి కదండీ అని గుర్తుచేయబోతే, "అవి స్కూలువాళ్లు చూసుకుంటారు" అంటారు. నిజమే, చూసుకుంటారు. ఏటేటా అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు పేర్లు మార్చుకుని రావడం చూడటం లేదా ఏంటి!

తాళం పడ్డాక ప్లాన్ మొదలవుతుంది. నాన్నగారు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజరైతే అది ఎక్సెల్‌లో పుడుతుంది. అయిపోయిన పాఠానికి ఆకుపచ్చ, నడుస్తున్నదానికి పసుపు, వెనకబడినదానికి ఎరుపు. యూనిట్‌కో స్ప్రింట్. రాత్రి భోజనాలకు ముందు హాల్లో అందరూ నిలబడి పది నిమిషాల స్టాండప్: నిన్నేం చదివావు, ఇవాళేం చదువుతావు, అడ్డంకులేమైనా ఉన్నాయా?

"ఫైల్‌లో సీక్ అనే ఫంక్షన్ ఎలా పనిచేస్తుందో అర్థం కాలేదు నాన్నా."

ఆయన తన చేత్తో ప్రోగ్రామ్ రాసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. రాసిన రోజుల్లో రాసిందీ సి ప్లస్ ప్లస్. "మంచి పాయింట్ రా. ప్రస్తుతానికి పార్క్ చేద్దాం" అని ఒక గడి ఎర్రగా మారుస్తారు. ఆ గడి పరీక్ష రోజు దాకా ఎర్రగానే ఉంటుంది. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది, ఎక్కడా లోపం లేదు.

ఈలోగా నానమ్మ ప్రవేశం. కొత్త పని మంగళవారం మొదలుపెట్టకూడదు. బుధవారం అమావాస్య. గురువారం మంచిదే గానీ మధ్యాహ్నం రాహుకాలం, ఆ తర్వాత కరెంటు పోయింది. ఎట్టకేలకు శుక్రవారం ప్లాన్ రంగుల్లో ప్రింటయి, నాలుగు మూలలా పసుపు పెట్టించుకుని దేవుడి గది పక్క గోడకెక్కుతుంది. చదువు ఇంకా మొదలుకాలేదు కాబట్టి అప్పటికే మూడు గడులు ఎరుపు.

ఇంట్లో మేనేజర్ లేనివాళ్లు దిగులుపడనక్కర్లేదు, చాట్‌బాట్ ఉంది. అమ్మ ఫోన్ గంటసేపు 'చదువు కోసం' తీసుకుని అడిగితే 30 రోజుల ప్లాన్ కమ్మగా వండి వడ్డిస్తుంది. పది రోజులు ప్లాన్ మెచ్చుకోవడంలో గడిచిపోతాయి. అప్పుడు 20 రోజుల ప్లాన్ అడుగుతారు. అదీ ఇస్తుంది. ఆ తర్వాత వారం రోజులది, చివరికి ఒక్క రాత్రిది. మొహం చిట్లించకుండా ఇచ్చే గురువు దొరకడం ఈ తరం అదృష్టం. ఆ ఒక్క రాత్రికి యూట్యూబ్‌లో 'వన్ షాట్' వీడియోలు ఎటూ ఉన్నాయి. సిలబస్ మొత్తం ఒకే సిట్టింగ్‌లో, అదీ రెట్టింపు వేగంతో. పాఠం చెప్పేవాడి మాట అర్థం కాకపోయినా వాడి తొందర మాత్రం బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు తమాషా. 70 మార్కుల్లో ప్రోగ్రామింగ్‌కు 40, డేటాబేస్‌కు 20, నెట్‌వర్క్స్‌కు 10. గోడమీది ప్లాన్‌లో సింహభాగం నెట్‌వర్క్స్‌దే. ఎందుకంటే అది అప్పజెప్పించుకోవడానికి వీలైన పాఠం. ఎస్ఎంటీపీ అంటే ఏమిటి, వీఓఐపీ అంటే ఏమిటి, హబ్‌కూ స్విచ్‌కూ తేడా ఏమిటి... పుస్తకం పట్టుకుని ఎవరైనా అడగొచ్చు. చదివించిన తృప్తి అడిగినవాళ్లకు, చదివిన తృప్తి చెప్పినవాడికి. ఆ పాఠానికి దక్కే మార్కులు పదే అన్న సంగతి ఇద్దరికీ పట్టదు.

అక్కడితో ఆగినా బాగుండేది. అప్పజెప్పించుకోవడం రుచి మరిగాక ప్రోగ్రాములనూ వదలరు. వంటింటి గడపలో కూర్చుని అబ్బాయి కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామంలా అందుకుంటాడు: "డెఫ్ పుష్, బ్రాకెట్ ఓపెన్, స్టాక్, కామా, ఎలిమెంట్, బ్రాకెట్ క్లోజ్, కోలన్..." అమ్మ ఒక చేత్తో పోపు వేస్తూ రెండో చేత్తో పుస్తకం పట్టుకుని వరుస వరుసా సరిచూస్తుంది.

"ఫర్ జె ఇన్ రేంజ్..."

"ఆగాగు. పుస్తకంలో 'ఐ' ఉంది. నువ్వు 'జె' అన్నావు. మళ్లీ మొదట్నుంచి చెప్పు."

"ఏదైనా ఫరవాలేదమ్మా. అది మనం పెట్టుకునే పేరే."

"అంత తెలిసినవాడివైతే పుస్తకం నువ్వే రాసేవాడివి."

నన్నడిగితే ఆ ఏడాదంతటికీ ఆ ఇంట్లో ఎవరైనా పైథాన్ గురించి మాట్లాడిన నిజమైన మాట ఆ 'ఏదైనా ఫరవాలేదమ్మా' ఒక్కటే. దాన్నీ పోపుతో పాటు మాడ్చేశారు. పరీక్షలో ప్రశ్న ఎలా వస్తుంది? ఒక డిక్షనరీలో పిల్లల పేర్లు, మార్కులు ఉంటాయి. 75 దాటినవాళ్ల పేర్లే స్టాక్‌లోకి నెట్టమంటారు. మనవాడు సహస్రనామంలో ఉన్నది ఉన్నట్టు దించేసి అందరినీ నెట్టేస్తాడు. తప్పినవాడు కూడా స్టాక్ ఎక్కి కూర్చుంటాడు.

నెట్‌వర్క్స్‌లోనూ ఒక ఐదు మార్కుల ప్రశ్న ఉంది. దాని గురించి చెప్పకపోతే పాపం. ఏదో ఒక సంస్థ ఉంటుంది. ఓ ఏడు విశ్వవిద్యాలయం, ఇంకో ఏడు ఆసుపత్రి. దానికి నాలుగు బ్లాకులు, వాటి మధ్య దూరాలు మీటర్లలో, ఏ బ్లాకులో ఎన్ని కంప్యూటర్లో పట్టిక. సర్వర్ ఎక్కడ పెట్టాలో చెప్పమని అడుగుతారు. ఇన్ని కోట్లు పోసి భవనాలు కట్టుకున్న సంస్థ, సర్వర్ గదికి చోటు దగ్గరికొచ్చేసరికి పదిహేడేళ్ల పిల్లల సలహా కోసం ఎదురుచూస్తోంది. పిల్లలు ఏళ్ల తరబడి ఒకటే సలహా ఇస్తున్నారు: కంప్యూటర్లు ఎక్కువున్న బ్లాకులో పెట్టండి, ప్రతి బ్లాకుకూ ఓ స్విచ్ తగిలించండి, దూరం వంద మీటర్లు దాటితే మధ్యలో రిపీటర్ పెట్టండి. సంస్థ పేరు మారుతుంది, బ్లాకుల పేర్లు మారతాయి, సలహా మారదు. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేసే ఈ విద్యకు గోడమీది ప్లాన్‌లో వారం రోజులు, పైగా ఆకుపచ్చ రంగు!

మన ఇంటర్ బోర్డు ఎంపీసీ పిల్లలకు ఈ బాధ లేదు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఇవే గ్రూపు సబ్జెక్టులు, వాటిలో కంప్యూటర్ ఊసే ఉండదు. రెండేళ్లు దాని మొహం చూడకుండా గడిపి, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో మాత్రం సీఎస్ఈ తప్ప మరో బ్రాంచి వద్దంటారు. వాళ్లకు ప్లాన్ లేదు, అయినా లోటు తెలియదు. అది వేరే కాలమ్.

సరే, వెక్కిరించింది చాలు. పేపర్ ఎలా వస్తుందో ఒక్కసారి చూడండి. ఈమధ్య నమూనా పేపర్లలో 37 ప్రశ్నలు, ఐదు సెక్షన్లు. చిన్న ప్రశ్నలే ఎక్కువ: 21 ఒక మార్కువి, ఏడు రెండు మార్కులవి. వాటిలో చాలావాటికి బట్టీ పనికిరాదు. చిన్న ప్రోగ్రామ్ ఇచ్చి, నడిస్తే ఏమొస్తుందో రాయమంటారు. తప్పులున్న ప్రోగ్రామ్ ఇచ్చి దిద్దమంటారు. ర్యాండమ్ వాడిన నాలుగు వరుసలిచ్చి, కింది జవాబుల్లో ఏది రావచ్చో చెప్పమంటారు. దీనికి మందు ఒకటే. ముందు పెన్సిల్‌తో లూప్ చుట్టు చుట్టుకూ విలువ రాసుకుని జవాబు ఊహించాలి, తర్వాత దాన్ని కంప్యూటర్‌లో నడిపి చూసుకోవాలి. ఎక్కడ తప్పామో అది క్షణంలో చెబుతుంది. పార్క్ చేసిన ఆ సీక్ కూడా రెండు వరుసలు కొట్టి చూస్తే తేలిపోయేదే. పిల్లాడు గేమ్స్ ఆడతాడని భయమా? నెట్ తీసేయండి. పైథాన్‌కు నెట్ అక్కర్లేదు. దాంతోపాటే ఉచితంగా వచ్చే ఐడిల్ అనే ఎడిటర్ ఉంటే చాలు, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది.

సొంతంగా రాసిన ప్రోగ్రామ్ పుస్తకంలో ఉన్నట్టు లేకపోతే మార్కులు పోతాయని బెంగపడే అమ్మానాన్నలకు చివరిగా ఒక మాట. సరైన జవాబు మరో పద్ధతిలో రాసినా మార్కులివ్వాలని బోర్డు మార్కింగ్ స్కీముల్లోనే ఉంటుంది. ఆ స్కీములు, పాత ప్రశ్నపత్రాలు బోర్డు వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఈ ఆదివారం ప్లాన్‌కు రంగులేయడం మానేసి, ఒక పాత పేపర్ ప్రింట్ తీసి, గడియారం ఎదురుగా పెట్టి పిల్లాణ్ని మూడు గంటలు వాడి మానాన రాయనివ్వండి. మధ్యలో అప్పజెప్పమని అడక్కండి.