బావ కిటికీ

మదనపల్లె దాటి కురబలకోట దిక్కు పోతే అంగళ్లు వస్తుంది. ఆ ఊరి పేరు చెప్తే జనానికి గుర్తొచ్చేవి ఇంజనీరింగ్ కాలేజీ, టమోటా మండీలు. నాకు మాత్రం ముందు మా బావ గుర్తొస్తాడు.

బావకు ఉద్యోగం ఒకటుంది, చేస్తాడు. అసలు వృత్తి మాత్రం ముసలి డికాల్స్‌కు వైద్యం. ప్లాస్టిక్ విమానాల కిట్ కొంటే డబ్బాలో డికాల్స్ కాగితం ఒకటి వస్తుంది. రెక్కల మీది గుండ్రాలు, తోక మీది నంబర్లు అన్నీ దాని మీదే ఉంటాయి. నీళ్లలో నానబెట్టి, మెల్లగా జార్చి అతికించుకోవాలి. ఏళ్ల తరబడి బీరువాలో పడుంటే ఆ కాగితం పసుపెక్కుతుంది, పైపొర పెళుసై పగుళ్లు బారుతుంది. బుద్ధి ఉన్నవాళ్లు కొత్త షీటు తెప్పించుకుంటారు. బావకు కొత్తదంటేనే మంట.

పసుపుకు మందు ఎండ. షీటును జిప్ కవర్లో పెట్టి, కిటికీ అద్దానికి లోపలి నుంచి టేపు వేసి వారాల తరబడి వదిలేస్తాడు. ఎండకు పసుపు విరుగుతుంది, అబద్ధం కాదు. మోడళ్లు కట్టేవాళ్లు అన్ని దేశాల్లోనూ చేసే పనే. చిక్కల్లా ఏమంటే, ఆ ఇంట్లో ఎండ బాగా పడేది వంటింటి కిటికీలోనే. "రేయ్, ఆ కిటికీ తీయనిస్తే గదా తాళింపు పొగ బయటికి పొయ్యేది, మీ బావకు నువ్వన్నా చెప్పు" అంటుంది అక్క. నేను చెప్తే, "ఈ వారమంతా మబ్బేసిందిరా, ఇంకో వారం ఆగమను" అంటాడు. మండీలో అందరూ టమోటా ధర కనుక్కుంటుంటే ఈయన ఆకాశం చూస్తుంటాడు.

పగుళ్ల వైద్యం ఇంకా పెద్ద తతంగం. మైక్రోస్కేల్ కంపెనీ వాళ్ల లిక్విడ్ డికాల్ ఫిల్మ్ పూస్తే పైన కొత్త పొర ఏర్పడుతుంది. షీటంతా ఒకే పొర అయిపోతుంది గనక, ఆ తర్వాత ఒక్కో బొమ్మను అంచు వెంబడి కత్తిరించుకోవాలి. వీటన్నిటికీ ముందు, అక్కరలేని ముక్కనొకదాన్ని గోరువెచ్చని నీళ్లలో వేసి, పగలకుండా నిలుస్తుందో లేదో చూడాలి. బావ పని ఇక్కడే ఆగిపోతుంది. ఆయనకు అక్కరలేని ముక్కంటూ లేదు. రెక్క మీద 'ఇక్కడ తొక్కరాదు' అని హెచ్చరించే గోరంత ముక్కను బలివ్వాలా వద్దా అని, పెళ్లి పందిట్లో తలంబ్రాల వేళ నా చెవిలో గొణిగిన మనిషి ఆయన.

ఆయన దగ్గరున్నది మన వైమానిక దళం మిగ్-21 కిట్. గుండ్రంలో బయట కాషాయం, దాని లోపల తెలుపు, నడిమిట్లో పచ్చ ఉండాలి. ఆ తెలుపు కాస్తా పసుపైంది. "ఇట్లుంటే ఏ దేశం విమానమనుకుంటార్రా?" అని బాధపడ్డాడు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోమన్నాను. దానికి నాకు పూర్తి క్లాసు పడింది. మామూలు ప్రింటర్లో తెల్ల ఇంకు ఉండదంట. మనకు తెల్లగా కనపడేది కాగితమేనంట. పారదర్శకంగా ఉండే డికాల్ కాగితం మీద వేస్తే తెలుపున్న చోట విమానం రంగే బయటపడుతుందంట. కనుక్కుంటే అంతా నిజమే. బావతో వచ్చిన తంటా ఇదే, చెప్పేది ఎప్పుడూ నిజమే అయ్యుంటుంది.

మంచి కూడా చెప్పాలి. మా నాన్న పాత సైకిలు మీద కంపెనీ అక్షరాలు పెచ్చులు లేస్తుంటే, బావ ఆదివారమంతా దాని పక్కనే కూర్చుని, లేచిన ముక్కల్ని ఒక్కొక్కటే అణిచి అతికించి వార్నిష్ పూశాడు. "దీని బదులు కొత్త సైకిలే వచ్చేది గదప్పా" అని నాన్న ఎగతాళి చేశాడు. చేసి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ అక్షరాలే చూపిస్తున్నాడు.

1963లో మన దళంలో చేరిన మిగ్-21కు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. ఆ రోజు బావ టీవీ ముందు నుంచి కదల్లేదు. "అసలు విమానమే రిటైరయింది, నీది ఎప్పుడు కడతావు?" అంది అక్క. కడితే జానెడుకు మించదు. దాని రెక్కలు ఇంకా ప్లాస్టిక్ చట్రంలోంచి ఊడదీయనే లేదు.

మీ ఇళ్లలో పాత కిట్ డబ్బాలుంటే దయచేసి మా బావకు ఇవ్వకండి. అక్కకు ఉన్నది ఒక్క కిటికీ.