కోసేది ఒకరు, మాడ్చేది పదిమంది

పెద్దాపరేషన్ అనగానే మనవాళ్ళు ఖర్చెంతని అడుగుతారు. తర్వాత డాక్టరు పేరు, ఆపైన ముహూర్తం. పేషెంటు ప్యాంటు జారిపోతోందని బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు కొట్టుకుంటున్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. పైగా "సన్నబడ్డావు బాబాయ్, షుగరుకి మంచిదేలే" అని ఓ మెచ్చుకోలు.

1936లోనే హైరమ్ స్టడ్లీ అనే అమెరికా సర్జన్ లెక్క తీశాడు. అల్సరు ఆపరేషన్‌కు ముందే ఐదో వంతుకు మించి బరువు తగ్గినవాళ్ళలో నూటికి 33 మంది పోయారు. అంత తగ్గనివాళ్ళలో మూడున్నర. బాగా చిక్కిపోయినవాళ్ళకు ఒకటి రెండు వారాలు ఒంటికి పట్టేలా తిండి పెట్టండి, కావలిస్తే ఆపరేషనే వాయిదా వేయండి అంటారు ఐరోపా నిపుణులు. మనం వాయిదా వేసేది అమావాస్య అడ్డమొస్తేనే.

ఇక ముందురోజు రాత్రి. "పన్నెండు దాటితే మంచినీళ్ళు కూడా వద్దు" అని సిస్టరమ్మ హుకుం. తేలికపాటి టిఫిను 6 గంటల ముందు వరకూ, మంచినీళ్ళూ పాలు కలపని టీ 2 గంటల ముందు వరకూ చాలామందికి పరవాలేదని మత్తు డాక్టర్ల పుస్తకాలు ఎప్పుడో మారాయి. మంచం దగ్గర బోర్డు మారలేదు. తొమ్మిదికన్న ఆపరేషన్ మధ్యాహ్నం రెండుకు జరుగుతుంది. ఈలోగా చుట్టాలు క్యాంటీన్‌లో మసాలా దోసె లాగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి "ధైర్యంగా ఉండు" అంటారు.

అయ్యాక అసలు నాటకం. "గ్యాస్ పోయిందా?" జన్మంతా ఆ చప్పుడుకు ముక్కు మూసుకున్న కుటుంబం ఇప్పుడు దాని కోసం చెవులు రిక్కించి కూర్చుంటుంది; అది వినిపిస్తే గానీ పేషెంటుకు తిండి లేదు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లోనే పేగు కోసిన పేషెంట్లకు సైతం త్వరగా తినిపించి, త్వరగా నడిపించి, త్వరగా ఇంటికి పంపి చూపించాడు. మన దగ్గర త్వరగా వచ్చేది బిల్లొక్కటే.

ఇంటికొస్తే పథ్యం కమిటీ, పేషెంటు అక్కగారి అధ్యక్షతన. పప్పు తింటే చీము పడుతుంది. గుడ్డు వేడి. వంకాయ దురద. పెరుగు సంగతి ఎత్తితే ఆవిడ చూపుకే కుట్లు ఊడతాయి. మిగిలింది బ్రెడ్డు, ఇడ్లీ, కొబ్బరినీళ్ళు. కోత మానాలంటే కిలో బరువుకు రోజుకు గ్రామున్నర దాకా మాంసకృత్తులు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 90 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములుంటాయి. కొబ్బరినీళ్ళలో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ఇదంతా డిశ్చార్జి రోజున డైటీషియన్ జిరాక్స్ తీసి మరీ ఇచ్చింది. అక్కగారు అందులో బత్తాయి తొక్కలు చుట్టి పడేశారు.

పదిరోజులకు కట్టు విప్పిన డాక్టరు మొహం చిట్లించాడు. "మానట్లేదేంటి? ఏం పెడుతున్నారు?"

"పథ్యమేనండీ. మొన్న నేను గుడికెళ్ళినప్పుడు దొంగతనంగా ముద్దపప్పు తిన్నాడు, దాని ఫలితం!"