నా మెడలో ఒక బాతు కడియం

నేను కాగుని. తిరువూరు దగ్గర ఒక పల్లె చెరువు నా పుట్టిల్లు. ఎండాకాలంలో చెరువు అడుగంటితే కుమ్మరి తవ్వుకెళ్ళిన బంకమట్టిని నేను. సారె మీద తిరిగి, చెక్కదెబ్బలు తిని, ఆములో కాలి కాగునయ్యాను. నీళ్ళు కాస్తూ ఏ ఇంటి పెరట్లోనో బతకాల్సినదాన్ని. నన్ను కొన్నాయన మాత్రం ఇంటికి తేగానే బోర్లించి, పొట్టలో మేకుతో రెండు కన్నాలు చేశాడు. పగలకుండా తడిపి తడిపి, తిప్పి తిప్పి తొలిచాడు. ఒక పూటంతా పట్టింది. ఆ కన్నాలు ఆయన కళ్ళకి.

మా పెద్దాయన పరజలు పట్టేవాడు. చలికాలం మన చెరువులకి వచ్చే బాతుల్ని మావాళ్ళు పరజలంటారు. తుపాకీ కొనే స్తోమతు ఆయనకి లేదు. ఉన్నా లాభం ఏముంది? ఒక్క పేలుడుకి చెరువంతా ఖాళీ అవుతుంది. కుండ చప్పుడు చెయ్యదు.

పుష్యమాసంలోనే నాలుగైదు ఉత్త కుండల్ని బోర్లించి నీళ్ళ మీద వదిలేవాడు. మొదటి రెండు రోజులు పరజలు దూరదూరంగా ఉండేవి. వారం తిరిగేసరికి ఆ కుండల పక్కనే ముక్కు రెక్కలో దూర్చి నిద్రపోయేవి. అప్పుడు నా వంతు వచ్చేది. ఇంకా తెల్లారకముందే, మంచు చెరువు మీద పొగలా పాకుతుండగా, నన్ను తలకి తొడుక్కుని పీకల్లోతు నీళ్ళలోకి దిగేవాడు. ఆయన ఊపిరి నా లోపల గోడలకి తగిలి ఆవిరై కారేది. పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఆ చప్పుడు బయటికి పోకూడదని పంటికింద పంచె కొంగు కరిచేవాడు. కాళ్ళు కొంకర్లు పోయినా అడుగు తొందరగా పడకూడదు. గాలి ఎటు తోస్తే అటే కుండ కదలాలి. గాలికి ఎదురు నడిచిందా, పరజ లేచిపోతుంది. వంద గజాలు పోవడానికి గంట పట్టిన రోజులున్నాయి.

దగ్గరికి చేరాక నీళ్ళ కింద నుంచి చెయ్యి సాగేది. రెండు కాళ్ళూ ఒక్క పట్టు, ఒక్క లాగు. పైన చిన్న సుడి తిరిగేది, అంతే. పక్కనున్నవి మునక వేసిందనుకునేవి. ఇదంతా నేను చాలా దగ్గర నుంచి చూశాను. అవి నన్ను నమ్మాయి. కుండ కదా అని నమ్మాయి.

వేట ఎప్పుడూ మాఘంలోనే. కార్తీకంలో దిగే పరజ వేల మైళ్ళు ఎగిరి ఎముకల గూడై వస్తుంది. మన గట్ల మీద, పొలాల్లో రాలిన గింజలు, నీటి నాచు, పురుగులు తిని మాఘానికి రొమ్ము నింపుకుంటుంది, తిరుగు ప్రయాణానికి. చెరువు కూడా అప్పటికి సగానికి తగ్గి, పక్షులన్నీ కాసిన్ని నీళ్ళలోకి చేరతాయి. చలికాలమంతా గద్దల్నీ నక్కల్నీ తప్పించుకుని, ఇంకో పది రోజులైతే వెళ్ళిపోవాల్సిన పక్షి మా చేతికి చిక్కేది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

మా పెద్దాయన ఒక మాట అనేవాడు. “దీని ఒళ్ళు కుంపటి, కాళ్ళు బావినీళ్ళు.” ఆ సంగతి విప్పి చెప్పింది ఊళ్ళో బడి మాస్టారు.

అది 1980లలో ఒక మాఘమాసం. ఆ రోజు దొరికింది సూదితోక బాతు, మగది. గోధుమరంగు తల, తెల్లటి మెడ, తోకలో సూదుల్లాంటి రెండు పొడుగు ఈకలు. గట్టు మీద మొలతాడుకి కట్టుకున్న పక్షిని విప్పి చూస్తే దాని కాలికి లోహపు కడియం, దాని మీద అక్షరాలు, అంకెలు. పక్షి అప్పటికే చచ్చిపోయింది. కడియం ఊడదీసి మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన ఇంట్లో ‘సోవియట్ భూమి’ కట్టలు ఉండేవి. కళ్ళజోడు సవరించుకుని ఇంగ్లీషు అక్షరాల్లో ‘మాస్కో’ అని చదివాడు.

“ఏమయ్యా, ఇది రష్యా నుంచి వచ్చిన పక్షి! పక్షులు ఎక్కడికి పోతాయో తెలుసుకోవడానికి అక్కడివాళ్ళు ఇలా కడియం వేసి వదులుతారు.”

సైబీరియాలో చెరువులు చలికాలం రాయిలా గడ్డకడతాయని, తిండి దొరకదు కాబట్టే ఇంతదూరం వస్తాయని ఆయన చెప్పాడు. బాతు కాళ్ళలో వెచ్చటి నెత్తురు కిందికి దిగే నాళమూ, చల్లబడి పైకెక్కే నాళమూ ఆనుకుని ఉంటాయట. దిగే నెత్తురు తన వేడిని ఎక్కే నెత్తురుకి ఇచ్చేస్తుంది. అందుకే ఒంట్లో వేడి ఒంట్లోనే ఉండి, కాలు మాత్రం నీళ్ళంత చల్లగా ఉంటుంది. మంచుగడ్డ మీద నిలబడినా అది తట్టుకునేది అలాగే. మా పెద్దాయన ఆ మాట విని తన అరచెయ్యి చాలాసేపు చూసుకున్నాడు.

“బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి ఉత్తరం రాద్దాం. ఈ నంబరు వాళ్ళకి అందితే రష్యాకి చేరవేస్తారు” అన్నాడు మాస్టారు. మా పెద్దాయన ఒప్పుకోలేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అప్పట్లో లైసెన్సు ఉన్నవాళ్ళే బాతుల్ని కొట్టాలి. ఆయనకి ఏ కాగితమూ లేదు. “వద్దు మాస్టారూ, పేరు బయటికొస్తుంది” అని కడియం తెచ్చి, పురికొసతో నా మెడకి కట్టాడు.

ఆ రోజుతో మానేశాడని చెబితే అబద్ధం. ఇంకో రెండేళ్ళు నీళ్ళలోకి దిగాడు. కానీ కాళ్ళు పట్టేముందు బొటనవేలితో తడిమి చూసేవాడు, కడియం ఉందేమోనని. అలా తడమగానే చాలా పక్షులు లేచిపోయేవి. వట్టి చేతుల్తో వణుక్కుంటూ గట్టెక్కిన ఒక తెల్లవారుజామున, నన్ను చూరు కింద బోర్లించాడు. మళ్ళీ ఎత్తలేదు. 1991లో చట్టం మారి లైసెన్సు వేట కూడా ఆగిపోయింది. 1999లో కొల్లేరు సరస్సు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. నేను చూరు కిందే ఉన్నాను.

నాకు బాధ కలిగించేది రాయకుండా పోయిన ఆ ఉత్తరమే. ఎక్కడో ఒక రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా గడి ఖాళీగా ఉండి ఉంటుంది. పక్షి పోయింది సరే. అది ఇంతదూరం వచ్చిందని దానికి కడియం వేసిన మనిషికి తెలియలేదు.

మొన్న మనవరాలు కాలేజీవాళ్ళతో కైకలూరు పక్కన ఆటపాకకి వెళ్ళి గూడబాతుల్ని చూసొచ్చింది. వచ్చీ రాగానే నా మెడలో కడియం ఆమె కంటపడింది.

“తాతా, ఇదేంటి?”

పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని మొదట్నుంచీ చెప్పాడు. దేన్నీ దాచలేదు. పిల్ల మధ్యలో ఒక్క మాటా మాట్లాడలేదు. చివరికి, “ఇప్పుడైనా చెప్పొచ్చు తాతా, నంబరు పంపితే చాలు” అంది. పురికొస విప్పబోతే పొడిపొడిగా రాలిపోయింది. కడియాన్ని తడిగుడ్డతో తుడిచి, వెలుతురులోకి పట్టుకుని, సెల్‌ఫోనుతో నాలుగు వైపులా ఫోటోలు తీసింది. అక్షరాలు బాగానే ఉన్నాయి. అంకెల్లో ఒకటి మాత్రం అరిగిపోయింది. “మూడా, ఎనిమిదా తాతా?” అని అడిగింది. పెద్దాయన కడియం అందుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో దాన్ని మెల్లగా తడుముతున్నాడు.