మూడున్నర గజాల లేఅవుట్

“లేఅవుట్ వేస్తున్నాను” అని ఫోన్లో నోరు జారాను. అవతల మా బావమరిది గొంతులో ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

“ఎక్కడ బావా? ధవళేశ్వరం రోడ్డా, కొవ్వూరు వైపా? గజం ఎంత పెడుతున్నావు?”

“ఇంట్లోనేనోయ్. ముందు గదిలో.”

“ఇంట్లోనా! పర్మిషనుందా?”

లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మొత్తం మూడున్నర గజాల స్థలానికి మా ఆవిడ దగ్గర అప్రూవల్ తెచ్చుకునేసరికి నాకు ఆరు నెలలు పట్టింది. అదీ షరతులతో. దివాన్ కదలకూడదు, టీవీ కనబడాలి, చుట్టాలొస్తే బల్ల మీద దుప్పటి కప్పాలి.

నేను వేస్తున్నది రైలుబొమ్మల లేఅవుట్. రైలుబొమ్మలంటే పిల్లలాట అనుకునేరు. నాది ఆట కాదు, కసి. బ్యాంకు ఉద్యోగంలో ఊరూరా తిరుగుతూ ప్లాట్‌ఫారాల మీద గడిపిన గంటలన్నీ కూడితే ఒక ప్రమోషన్‌కు సరిపోయేవి. “చింతిస్తున్నాము” అని మైకులో వినబడిన ప్రతిసారీ, ఒక్క రైలును నా చేతికిస్తే ఎలా నడపాలో చూపిస్తానని పక్కవాళ్లకు ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. 2019లో రిటైరయ్యాక ఇక చూపించక తప్పలేదు.

వడ్రంగిని పిలిచాను. పన్నెండు ఎంఎం ప్లైవుడ్, కింద రీపర్లు అని చెప్పాను.

“ఆయ్, మంచమాండి?”

“కాదయ్యా, రైలుకి.”

అతను నావైపు చూశాడు, తర్వాత మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. “అడ్వాన్సు ఇప్పించండి” అన్నాడు.

నేను ఎంచుకున్నది హెచ్‌వో స్కేలు. అసలు రైలులో 87వ వంతు. రాజమండ్రివాణ్ని గనక ముందుగా మా గోదావరి మీది ఆర్చి బ్రిడ్జి కట్టాలనుకున్నాను. 1997లో పూర్తయిన ఆ వంతెనకు 28 ఆర్చిలు, ఒక్కోటి 97 మీటర్ల పైచిలుకు. కాగితం మీద 87తో భాగించాను. మొత్తం ముప్పై ఒక్క మీటర్లు దాటింది. అంటే మా ముందు గదిలో మొదలై, వంటింటి గోడ పగలగొట్టుకుని, పక్కింటివారి పూజగది మీదుగా వీధి కుళాయి దాకా పోవాలి. బల్ల మీద వంపులు పోగా మిగిలిన తిన్నని చోటులో పట్టేది ఒక్క ఆర్చి. ఒకటే కట్టాను. మిగతా ఇరవై ఏడు ఉన్నట్టే అనుకోమని చూడవచ్చినవాళ్లకు చెబుతుంటాను.

బండి సంగతీ అంతే. పాత నీలం రంగు పెట్టె ఒక్కోటి ఈ స్కేలులో పాతిక సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఇరవై పెట్టెలు తగిలిస్తే అయిదు మీటర్లు. నా పట్టా చుట్టుకొలత అయిదున్నర మీటర్లు. ఇంజను బయల్దేరి తన గార్డు పెట్టె వెనకే వచ్చి నిలబడుతుంది. అందుకే నాలుగు పెట్టెలతో సరిపెట్టుకున్నాను.

ఇంతలో మా పక్కింటాయన వచ్చారు. రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. కుర్చీ లాక్కుని, జేబులోంచి టేపు తీసి, రెండు పట్టాల మధ్య కొలిచారు.

“ఎంతండీ ఇది?”

“పదహారున్నర మిల్లీమీటర్లండి.”

“మన బ్రాడ్‌గేజీ 1,676 మిల్లీమీటర్లు. మీ లెక్కన పంతొమ్మిది పైనే ఉండాలి. ఇది మన గేజీ కాదండి.”

నిజమే. ఈ స్కేలులో బజారులో దొరికే పట్టా యూరపు, అమెరికాల 1,435 మిల్లీమీటర్ల గేజీకి తగ్గది. నా గోదావరి మీద నడిచేది ఇరుకు రైలు. ఆయన అంతటితో ఆగలేదు. వంపు కొలిచారు. పద్దెనిమిది అంగుళాల వ్యాసార్ధం, 87 రెట్లు చేస్తే నలభై మీటర్లు. బ్రాడ్‌గేజీ మీద 175 మీటర్లకు తగ్గిన వంపు ఉండకూడదట. “ఈ వంపు నా సెక్షన్‌లో వేసి ఉంటే పెన్షన్ వచ్చేది కాదండి” అని, అక్కడే కాగితం మీద రాసి ఆ మూలకు అంటించారు: ‘కాషన్ ఆర్డర్. గంటకు 20 కిలోమీటర్లు’. నా ఇంట్లో నా రైలుకు మొట్టమొదటి జాప్యం ఆ రోజే ఖాయమైంది.

సరే, మెరుగు పెడదామనుకున్నాను. ఇక్కడ మీకో హెచ్చరిక: ఈ వ్యసనంలో కట్టడం ఒక ఏడాది, మెరుగులు మిగిలిన జీవితం.

మొదటి మెరుగు కరెంటుది. పన్నెండు వోల్టులు కంట్రోలర్ అనే పెట్టెలోంచి పట్టాల్లోకి, పట్టాల్లోంచే ఇంజనుకు అందుతాయి. కంట్రోలర్ దగ్గర మా బండి వందే భారత్‌లా లేచేది. అవతలి మూలకు వెళ్లేసరికి పుష్కరాల స్పెషల్‌లా ఈడ్చుకునేది. డెల్టాలో పుట్టినవాణ్ని కాబట్టి రోగం వెంటనే తెలిసింది. కాలువ మొదట్లో పొలాలు మునుగుతుంటే శివారు పొలాలు ఎండుతాయి కదా, ఇదీ అంతే. అతుకు అతుకు దగ్గరా కొంత వోల్టేజి పడిపోతుంది. బల్ల కింద పడుకుని, పిల్లకాలువలు తవ్వినట్టు మూడడుగులకో తీగ లాగి పట్టాకు సోల్డరింగ్ చేశాను. శివారుకు నీరందింది. నాకు నడుం పట్టేసింది.

రెండో మెరుగు, బండి తనంతట తాను వెనక్కి తిరిగొచ్చే లూపు. రైలు పట్టాలు రెండూ వియ్యాలవారి లాంటివి. జీవితమంతా పక్కపక్కనే నడవాలి, ఎక్కడా తగలకూడదు. లూపు తిరిగొచ్చేసరికి ఎడమ పట్టా పోయి కుడి పట్టాను ముట్టుకుంటుంది. టప్ మని షార్టు. లూపుకు రెండు చివర్లా పట్టాలు కోసి విడదీసి, ఎటు ప్లస్సో ఎటు మైనస్సో తేల్చడానికి మధ్యలో స్విచ్చి అనే పెద్దమనిషిని కూర్చోబెట్టాలి. ఇది తెలిసేలోపు రెండు కంట్రోలర్లు కాలం చేశాయి.

మూడోది కంకర. గోదావరి ఇసుకను టీ వడపోతతో జల్లించి పట్టాల మధ్య పోశాను. దానిమీద గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపిన నీళ్లు చిలకరించాలి. సబ్బెందుకంటే నీటి తలబిరుసు తగ్గి, తర్వాత పోసే పలచటి జిగురు రేణువుల సందుల్లోకి దిగడానికి. దిగింది. చక్కగా దిగింది. బండిని దారి మళ్లించే పాయింటు కదిలే చోటికి కూడా దిగింది. మర్నాటికి మెయిన్ లైను, లూపు లైను శాశ్వత బంధువులైపోయాయి. వడపోత గురించి మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను.

వాడేసిన టీ పొడి ఎండబెడితే నల్లరేగడి. కొబ్బరి పీచు కత్తిరించి పచ్చరంగు అద్దితే వరిచేను. చేల మధ్య లెవెల్ క్రాసింగు, మూసిన గేటు, గేటు ముందు సైకిలు పట్టుకుని నిలబడ్డ రెండు సెంటీమీటర్ల మనిషి. అతన్ని 2021లో అంటించాను.

ఇంత చేశాక బండి నడవాలి కదా? రోజూ పట్టాల మీద సన్నటి నల్లటి మకిలి పడుతుంది. చక్రాలకూ పడుతుంది. స్పిరిటు ముంచిన గుడ్డతో అయిదున్నర మీటర్లూ తుడిస్తేగాని ఇంజను కదలదు. నలభై నిమిషాలు తుడవడం, పది నిమిషాలు నడపడం. ఆ పది నిమిషాల్లోనూ ఒకనాడు బల్ల మీదికి బల్లి దిగింది. ఆరంగుళాల బల్లి అంటే మా లెక్కలో పదమూడు మీటర్లు. ఆర్టీసీ బస్సుకన్నా పొడుగైన జంతువు పట్టాలకు అడ్డంగా పడుకుంటే ఏ డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు?

“అయిదేళ్లయింది. ఎప్పటికి పూర్తవుతుందండీ ఇది?” అంది మా ఆవిడ.

రాడ్ స్టీవార్ట్ అనే ఇంగ్లీషు గాయకుడు ఇలాంటి లేఅవుట్‌నే 23 ఏళ్లు కట్టాడనీ, కచేరీలకు వెళ్లినా హోటల్లో ఈ పనికోసం ఇంకో గది తీసుకునేవాడనీ చెప్పాను.

“ఆయన పాటలు కూడా పాడతాడుగా” అంది.

మొన్నామధ్య మా అమ్మాయి హైదరాబాదు నుంచి వస్తుంటే స్టేషనుకు వెళ్లాం. బండి గంటన్నర లేటు. “చింతిస్తున్నాము” అంది మైకు. పక్కాయన అందుకున్నాడు: “ఒక్క రైలును నా చేతికిస్తే...” మా ఆవిడ నావైపు చూసింది, నా ఉపన్యాసం మొదలవుతుందని. నాకెందుకో నోరు రాలేదు. గేజీ, వంపు, శివారు కరెంటు, కాషన్ ఆర్డరు, బల్లి వరసగా కళ్లముందు తిరిగాయి. “ఎక్కడో ఎవరో పట్టా చూస్తూ ఉంటారులే” అన్నాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఇంటికొచ్చి అందరూ పడుకున్నాక బల్ల దగ్గర లైటు వెలుగుతోంది. ఆవిడే. వంగి గేటు వైపు చూస్తోంది.

“ఈ సైకిలాయన పాపం అప్పట్నుంచీ ఇక్కడే నిలబడ్డాడు. గేటు తియ్యరేమిటి?”

“బండి రావాలిగా.”

“ఎప్పుడొస్తుంది?”

నేను గుడ్డ కోసం వెతికాను.

పొద్దున్నే చూస్తే సైకిలాయన పక్కన అగ్గిపుల్లలు విరిచి అంటించిన చిన్న బెంచీ ఉంది. పక్కింటాయన టేపు తెచ్చి కొలిచారు. ఎత్తు అయిదు మిల్లీమీటర్లు. 87తో గుణించి, చాలాసేపు ఆలోచించి, “స్కేలు సరిపోయిందండి” అన్నారు. అయిదేళ్లలో మా లేఅవుట్‌లో ఆయన తప్పు పట్టని కట్టడం అదొక్కటే.